‘మ’ దాకా రాని నిఘంటువు

జూన్ 2, మంగళవారం

పెద్దాయన ఇవాళ దేశాన్ని నా నెత్తిన పెట్టారు. “దేశం మీకు అప్పగిస్తున్నానమ్మా, జాగ్రత్త,” అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. అని, తనలో తనే నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ప్రధాన సంపాదకుడన్న మాటే గానీ ఆయన జోకులకు నవ్వేవాళ్లు ఆఫీసులో ఎవరూ మిగల్లేదు. ఆ పని కూడా ఆయనే చూసుకుంటున్నారు.

దేశం, నాడు, సీమ, గడ్డ, రాజ్యం. ఒక్కో పర్యాయపదానికీ అది ఎక్కడ అతుకుతుందో చూపించే వాక్యం రాయాలి. ‘జనం’ కిందటేడే అచ్చయిపోయారు గానీ వరుసలో ‘నలుగురు’ ఉంది, అదీ నాకే. అన్నీ ఒకటే అనిపిస్తాయి. మార్చి చూస్తే గుట్టు బయటపడుతుంది. “నలుగురూ ఏమనుకుంటారు” అనే చోట “ప్రజలు ఏమనుకుంటారు” అని చూడండి, అప్పుడే ఎన్నికల్లో నిలబడ్డట్టు ఉంటుంది.

మధ్యాహ్నం కింద అచ్చు యంత్రం ఆగింది. పరదేశి వచ్చి ఏదో బిగించాడు, తిరిగింది. ఇది ఎందుకు రాశానో తెలియదు.

జూన్ 3, బుధవారం

‘దేశం’తో వచ్చే పలుకుబళ్లు రాసుకుంటూ కూర్చున్నాను. దేశదిమ్మరి, దేశముదురు, దేశాలు పట్టిపోవడం, దేశం గొడ్డుపోయిందా. ఇంత పెద్ద మాటను మనవాళ్లు ఎక్కువగా తిట్టడానికే వాడుకున్నారు.

సందేహం తీర్చుకోవడానికి కిందికి వెళ్లాను. యంత్రం మెకానిక్కుతో నాకేం సందేహమని బైండరక్క అడిగింది. పుస్తకాలు కుట్టే సూది ఆమె చేతిలోనే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఆరేళ్ల కిందట యంత్రం బిగించడానికి కంపెనీ పంపితే వచ్చాడాయన. యంత్రం రోజుకో పేచీ పెడుతుండడంతో ఇక్కడే ఉండిపోయాడు. అసలు పేరు పలకబోయి అందరికీ నాలుక మడత పడింది, చివరికి ‘పరదేశి’ అని ఖాయం చేశారు. ఫోనెత్తినా “పరదేశిని మాట్లాడుతున్నాను” అంటాడు పాపం. భాష నేర్చుకున్నది మా ప్రూఫుల చిత్తుకాగితాల్లో. యంత్రం నూనె తుడవడానికి ఇచ్చిన కాగితాలు ముందు చదివి తర్వాత తుడిచేవాడట. అందుకని నిఘంటువు ఎంతవరకు అచ్చయిందో ఆయన చదువు అంతవరకు వచ్చింది. ఏనుగుకు పదకొండు పేర్లు చెప్తాడు. మంచం కావాలంటే చేత్తో చూపించాలి.

“మీ భాషలో పరదేశాన్ని ఏమంటారు?” అని అడిగాను.

“ఎదురిల్లు,” అన్నాడు.

“ఎంత దూరమైనా?”

“దూరం ఎక్కువైతే వీధి వెడల్పు. ఇల్లు మాత్రం ఎదురిల్లే.”

నవ్వొచ్చి మెట్లెక్కేటప్పుడు కాలు జారింది. దెబ్బ తగల్లేదు.

జూన్ 5, శుక్రవారం

పరదేశి నాకోసం టీ తెచ్చి బల్ల మీద పెట్టి, “చల్లారకముందే సేవించవలెను,” అన్నాడు. నిఘంటువు పుణ్యమా అని ఆయన నోట ఇలాంటివి వస్తుంటాయి. బైండింగు వాళ్ల దగ్గర నేర్చుకున్నవి కూడా వస్తాయి, అవి ఇక్కడ రాయను.

నేను ‘నాడు’ చేస్తున్నాను. దేశమూ నాడే, రోజూ నాడే. “ఆ నాడు” అంటే ఆ దేశమో ఆ రోజో అడిగి తెలుసుకోవాలి. ఈ సంగతి చెప్తే ఆయన గడ్డం మీద నూనె మరక రుద్దుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. “అయితే మీ దగ్గరికి రావడానికి నాకు ఆరేళ్లు పట్టిందంటే దూరమే చెప్పినట్టా?” అన్నాడు.

పని చాలా ఉంది. ఇక్కడితో ఆపుతాను.

జూన్ 8, సోమవారం

సాయంత్రం గేటు దగ్గర ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

“ఒక మాట చెప్పాలి. వచ్చే నెల నాలుగున మేము మా ఊరు వెళ్తున్నాం. మా అమ్మను చూడ్డానికి. రెండు టికెట్లు తీసుకున్నాను. రానూ పోనూ.”

మేము. రెండు టికెట్లు.

మాటలతో కాపురం చేస్తున్నదాన్ని, ‘మేము’ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని బయట పెట్టి తలుపు వేసే మాట అది. లోపల ఆయన, ఇంకెవరో. ఇంకెవరో ఏమిటి నా మొహం, భార్య! ఆరేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు. పెళ్లయిన మనిషి రోజూ టీ ఎందుకు తేవాలో ఆ దేవుడికే తెలియాలి.

“మంచిది,” అన్నాను.

“మీకు సంతోషమేనా?”

“నాకెందుకు ఉండదండీ, బ్రహ్మాండమైన సంతోషం!”

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. అంత వెలుగు చూడలేక రోడ్డు దాటేశాను. సైకిలు వాడెవడో తిట్టాడు.

జూన్ 9, మంగళవారం

నిద్ర బాగా పట్టింది. నాకేమీ బాధ లేదు.

జూన్ 11, గురువారం

బాధ లేదని రాశాను కదా, నిజంగానే లేదు. నలభై మూడేళ్ల మనిషిని. వచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టి, హాయిగా నా మానాన నేను బతుకుతున్నదాన్ని. ఈయన వచ్చాకే పొద్దున లేచి జడ రెండుసార్లు అల్లుకోవడం మొదలైంది. ఇకమీదట ఒకసారి అల్లుకుంటే చాలు, బోలెడు టైము కలిసొస్తుంది.

పెద్దాయన నా కాగితాలు పట్టుకుని వచ్చారు.

“ఏమిటమ్మా ఇది? ‘అతడు దేశం విడిచి పోయాడు.’ ‘దేశాలు పట్టి తిరిగేవాళ్లను నమ్మరాదు.’ ‘ఆమెను ఒంటరిని చేసి వాళ్లు తమ నాడు చేరుకున్నారు.’ మీ దేశంలో మనిషన్నవాడు నిలవడం లేదే! అచ్చు వేసేలోపు ఒక్కణ్ణయినా ఆపండి.”

“వాడుక అలా ఉందండీ,” అన్నాను.

“వాడుకా, వాడి మీద అలకా?” అని తన జోకుకు తనే నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 12, శుక్రవారం

ఈ మనిషికి బొత్తిగా బుద్ధి లేదు. “మా ఊళ్లో ఈ కాలంలో కూడా చలి. కోటు కుట్టించాలి. ఆడవాళ్ల కోటుకి ఏ రంగు బాగుంటుంది?” అని నన్నే వచ్చి అడుగుతాడా!

ఎర్రదో పచ్చదో చెప్పి ఆవిణ్ణి నవ్వులపాలు చేద్దామనుకున్నాను. నోరు మాత్రం “ముదురు నీలం” అంది.

“గుండీలు?”

“తెల్లవి. పెద్దవి.”

అరచేతి మీద రాసుకుని, ఈల వేసుకుంటూ వెళ్లాడు. ఆ మహాతల్లి నా రంగు కోటు తొడుక్కుని రైలెక్కుతుందన్న మాట. ఎక్కనీ. నాకేం.

జూన్ 14, ఆదివారం

నాన్న కుట్టుమిషను ముందు గదిలో ఉంటుంది, వీధిలోంచి ఎవరొచ్చినా నేరుగా దర్జీ కొట్లోకి వచ్చినట్టే. ఉదయం లేచి చూస్తే బల్ల మీద ముదురు నీలం గుడ్డ పరిచి ఉంది. నాన్న సుద్దతో గీతలు గీస్తూ కూనిరాగం తీస్తున్నాడు. ఊళ్లో ఇంతమంది దర్జీలుండగా మా ఇంటికే రావాలా ఆయన!

“నిన్న మీ పరదేశి వచ్చాడమ్మాయ్,” అన్నాడు నాన్న. కళ్ళజోడు పైనుంచి నన్నే చూస్తున్నాడు. “మంచి మనిషి. నువ్వేమైనా చెప్పాలా నాకు?”

“నేనేం చెప్పాలి? ఏమీ లేదు.”

“సరే సరే. నీకెప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే చెప్పు. నేను మాత్రం నోరెత్తను.”

నన్ను చూసి జాలిపడుతున్నాడు. ఎలా కనిపెట్టాడో. గీతలు గీసిన గుడ్డ చూశాను. ఆవిడ భుజాలు సరిగ్గా నా అంతే ఉన్నాయి, చేతుల పొడవూ అంతే. లోకంలో ఇన్ని కొలతలుండగా నా కొలతే రావాలా ఆవిడకు? కొంతమందికి అన్నీ అలా కలిసొస్తాయి.

జూన్ 17, బుధవారం

బడిపిల్లల నిఘంటువు చేసే శాఖకు బదిలీ చేయమని అడిగాను. అది వేరే ఊళ్లో ఉంది. యంత్రం లేదు, మెకానిక్కు అక్కర్లేదు. పెద్దాయన కారణం అడిగారు. పిల్లలంటే ఇష్టమన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. ఈసారి జోకు వేసింది నేనట. సోమవారం సంతకం పెడతానన్నారు.

జూన్ 18, గురువారం

‘నలుగురు.’ ఉదాహరణ: నలుగురిలో నవ్వులపాలు కావడం ఆమెకు ఇష్టం లేదు.

జూన్ 19, శుక్రవారం

టీ తెచ్చాడు. తాగలేదు. చల్లారిపోయాక తాగాను.

బైండరక్క గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం చెప్పేశాను. వింటూ వింటూ దారం తెంపేసింది. “పెళ్లామా? ఆయనకా? ఏడాదికోసారి ఒక్కడే సంచీ తగిలించుకుని వెళ్లొస్తాడు కదే!” అంది. “మేము అన్నాడక్కా, నా చెవులతో నేను విన్నాను,” అన్నాను. “అయితే అంతేనే,” అని తెగిన దారం మళ్లీ సూదికి ఎక్కించుకుంది. మేము అంటే మేమే కదా.

జూన్ 21, ఆదివారం

అక్షరాలు వంకర పోతున్నాయి. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియడం లేదు. వరుసగా రాస్తాను.

అన్నం తిన్నాక నాన్న పిలిచాడు. “కోటు టాకాల మీద ఉంది. ఓసారి తొడుక్కో, చంకలో పట్టేస్తుందేమో చూస్తాను.”

“నేనెందుకు తొడుక్కోవాలి? ఎవరిదో కోటు!”

“ఎవరిదో ఏమిటే?”

“ఆయన భార్యది.”

నాన్న చేతిలో కత్తెర పక్కన పెట్టాడు. “అమ్మాయ్,” అన్నాడు చాలా నెమ్మదిగా, “వాడొచ్చి ‘మీ అమ్మాయి కొలతలకు కుట్టండి, మేము ఊరెళ్తున్నాం, ఆమెకు చలి తగలకూడదు’ అన్నాడు. నువ్వు ఒప్పుకున్నావని కూడా చెప్పాడు. సిగ్గుపడి నాకు చెప్పడం లేదనుకుని నేను ఈ వారమంతా పెదాలు కుట్టేసుకుని కూర్చున్నాను! నీ కొలతలు నాకు కొత్తా? టేపు కూడా తియ్యలేదు.”

ఆయన అన్నదేమిటో, నేను అన్నదేమిటో అన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. బ్రహ్మాండమైన సంతోషం అన్నానే! రంగు కూడా చెప్పానే!

నాకు కోటు తొడిగి చూస్తున్నాడు నాన్న. అలాగే వీధిలోకి పరుగు తీశాను. “ఒసేయ్, ఎడం చెయ్యి ఊడుతుందే!” అని వెనక నుంచి అరుస్తున్నాడు. జూన్ ఎండలో ఉన్ని కోటు, ఒక చెయ్యి వేలాడుతోంది, తెల్లదారం టాకాలు పైకి కనిపిస్తున్నాయి. పళ్ల బండి ఆవిడ చూసింది, మందుల కొట్టాయన చూశాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చూశారు. చూడనీ.

ఆదివారాలు ఆయన యంత్రానికి నూనె పెట్టుకుంటూ ప్రెస్సులోనే ఉంటాడు. నన్ను చూసి డబ్బా కింద పెట్టేశాడు.

“బాగుంది,” అన్నాడు కోటు చూసి. “ఒక చెయ్యి ఎందుకలా ఉంది?”

“చెయ్యి సంగతి తర్వాత. మేము వెళ్తున్నాం అన్నారు కదా, మేము అంటే ఎవరెవరు?”

“నేను, మీరు.”

“అయితే మనం అనాలి కదండీ!”

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. “ఛ ఛ, మిమ్మల్ని అంత మాట ఎలా అంటాను? మనం అంటే పని చెప్పడం కదా?”

“ఎవరన్నారు?”

“ఎవరనాలి? పెద్దాయన రోజూ కిందికొచ్చి ‘మనం ఈ వారంలోపు ఈ ఫారాలన్నీ కొట్టేయాలి’ అంటారు. ఆయన ఒక్క ఫారం ముట్టుకోరు. ‘మనం యంత్రం కింద ఊడవాలి’ అంటారు. ఊడ్చేది నేను. నాకు జ్వరమొచ్చినప్పుడు నర్సమ్మ ‘మనం మాత్ర వేసుకుందామా’ అంది. నేనొక్కణ్ణే వేసుకున్నాను, ఆమె చూస్తూ నిలబడింది. మనం అంటే ‘మీరు’ అని నాకు అర్థమైంది. కాస్త గట్టిగా చెప్పే మీరు.”

“మరి మేము?”

“అది మంచి మాట. బైండింగు వాళ్లు ‘మేము టీకి వెళ్తున్నాం’ అని నవ్వుకుంటూ వెళ్తారు. ‘మేము సినిమా చూశాం’ అంటారు. సంతోషంగా ఉన్నవాళ్లందరూ మేము అనే అంటారు. మీతో కలిసి వెళ్లడం నాకు సంతోషం కదా, అందుకని అదే వాడాను.”

మొదట పడీ పడీ నవ్వాను. నవ్వుతూ ఉండగానే అసలు సంగతి తట్టింది. అంటే ఆరేళ్లుగా ఈయనకు పని చెప్పేటప్పుడే మనం, టీకి వెళ్లేటప్పుడు మేము. ఆ టీ గుంపులో నేనూ ఉన్నాను. “రండి, మనం టీ తాగుదాం” అని ఈ పెద్ద భవనంలో ఒక్కరికీ నోరు రాలేదు. ఆయనే తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు.

“ఒక్కసారి పుస్తకంలో చూసుకోవచ్చు కదా!” అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

“ఎలా చూస్తాను? ‘మ’ దాకా రాలేదు కదా మీ పుస్తకం.”

యంత్రం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాను. వినేవాళ్లను బయట ఉంచితే మేము. వినేవాళ్లను కలుపుకుంటే మనం. వాళ్ల భాషలో రెండింటికీ ఒకటే మాటట. “ఒక్క మాటతో ఎలా గడుస్తుందండీ మీకు?” అన్నాను. “ఎవరి వంక చూస్తూ అంటే వాళ్లు అందులో ఉన్నట్టు,” అన్నాడు. ఆ రోజు గేటు దగ్గర నా వంకే చూస్తూ అన్నాడు మరి. నేను చెవులతో విన్నానే గానీ కళ్లతో వినలేదు.

“అయితే,” అన్నాడు లేచి నిలబడి, కొత్త మరను వేళ్లతో తిప్పి చూసినంత జాగ్రత్తగా, “మనం… వెళ్దామా?”

“పని చెప్తున్నారా?”

“అయ్యో! కాదు, కాదు!”

వెళ్దాం అన్నాను. అయితే ఖచ్చితంగా చెప్పాను, వాళ్ల అమ్మగారిని చూడ్డానికి మాత్రమే వస్తున్నానని, మిగతాది ఇప్పుడు అడగవద్దని. ఇన్నేళ్లూ ఎవరికీ అవునని చెప్పి ఎరగను, ఆ మాట నా నోట్లో తుప్పు పట్టి ఉంది. ఆయన తల ఊపాడు. తుప్పు వదిలించడం ఆయనకు తెలిసిన పనేనట.

ఇంటికొచ్చాక నాన్న కోటు చెయ్యి కుడుతూ, “దేశం గొడ్డుపోయిందటే, పరదేశే దొరికాడా నీకు?” అన్నాడు. మూతి మాత్రం చెవుల దాకా సాగి ఉంది.

“నాన్నా, నలుగురూ ఏమైనా అనుకుంటారేమో.”

“ఎవరా నలుగురు? పేర్లు చెప్పు, కొలతలు తీసుకుంటాను,” అన్నాడు.

ఈ వయసులో నన్ను ఇంత నవ్విస్తే ఏమైపోతానో!

జూన్ 22, సోమవారం

బదిలీ కాగితం వెనక్కి ఇమ్మన్నాను. పెద్దాయన పైకి తీసి, “అయితే మనం దీన్ని చించేద్దామా?” అన్నారు.

“మీరే చించండి సార్,” అన్నాను. ఆయన కాగితం పట్టుకుని ఆగి నన్ను వింతగా చూశారు.

బైండింగు వాళ్లకు విషయం చెప్పాను. బైండరక్క మెట్ల దగ్గర నిలబడి కిందికి కేకేసింది, “పరదేశీ! మనం టీకి వెళ్తున్నాం, రావయ్యా!” యంత్రం ఆగిపోయింది. ఈసారి అది పేచీ పెట్టలేదు, ఆయనే ఆపేశాడు. అందరం కలిసి వెళ్లాం. ఆయన పంచదార ఎక్కువ వేసుకుంటాడని బైండరక్కకు ఇవాళే తెలిసింది.

జూన్ 25, గురువారం

‘దేశం’ పూర్తయింది. ఉదాహరణలన్నీ కొత్తగా రాశాను. “దేశం నలుమూలల నుంచీ తరలి వచ్చారు.” “దేశదేశాల వాళ్లు ఒకే చోట చేరారు.” “ఇన్నాళ్లకు ఆమె నాడు చూడవచ్చారు.”

పెద్దాయన చదివి, “మొన్న ఖాళీ చేశారు, ఇవాళ కిక్కిరిసి పోయింది. వీళ్లందరినీ ఎక్కడ పడుకోబెడతారమ్మా?” అన్నారు. నేను నవ్వాను. ఎవరో నవ్వేసరికి ఆయన కంగారు పడ్డారు.

జూలై 1, బుధవారం

ఆయన భాషలో పది మాటలు నేర్చుకున్నాను. తొమ్మిది తప్పు పలుకుతున్నానట. సరిగ్గా వచ్చిన ఆ ఒక్కటీ ‘ఉప్పు’.

జూలై 4, శనివారం. రైల్లో

రైలు ఊగుతోంది. అక్షరాలు ఎటు పోతే అటే.

నాన్న స్టేషనుకు వచ్చాడు. కోటు గుండీలు తనే పెట్టి, వీపు మీద ముడత సవరించి, ఆయనతో, “చలి ఎక్కువైతే కాలరు పైకి లేపమను, దానికి మందం గుడ్డ వేశాను,” అన్నాడు. నాకు వెక్కిళ్లొచ్చాయి.

మధ్యాహ్నం సరిహద్దు దగ్గర రైలు ఆగింది. కాగితాలు చూసే అధికారిణి పెట్టెలోకి వచ్చింది. పెద్ద మనిషి, అలసిపోయి ఉంది. మా కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూసింది. రెండు దేశాలు, రెండు పేర్లు, ఒకే బల్ల మీద తిండి పొట్లాలు.

“కలిసే ప్రయాణమా?”

“అవునండి.”

“ఈయన మీకేమవుతారు?”

మామూలు ప్రశ్నే. అందరినీ అడిగే ప్రశ్నే. పక్క పెట్టెలో మొగుడూ పెళ్లాలను కూడా ఇలాగే అడిగి ఉంటుంది. నేను మాత్రం మాట వెతుక్కోవాల్సి వచ్చింది. తోటి ఉద్యోగి అనొచ్చు, అది నిజమే. తెలిసినవారు అనొచ్చు, అదీ నిజమే. ఎన్ని పర్యాయపదాలున్నాయో నాకన్నా ఎవరికి తెలుసు! ఒక్కటీ అతకడం లేదు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అడగవద్దన్నాను కదా, అడగడం లేదు. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి.

“అమ్మా, మిమ్మల్నే. ఏమవుతారు?”

“అవుతారండి,” అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది, ఆయన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. రెండు ముద్రలూ గట్టిగా గుద్ది, కార్డులు రెండూ నా చేతికే ఇచ్చి వెళ్లిపోయింది.

రైలు కదిలింది. చాలాసేపటికి ఆయన ఇటు తిరిగాడు. మొహంలో ఆశ, అనుమానం రెండూ ఉన్నాయి.

“‘అవుతారు’ అంటే ఇప్పుడా, ఇకముందా?” అని అడిగాడు.

“రెండింటికీ ఒకటే మాటండీ,” అన్నాను.